బెల్టు జాయింట్ల పని చేసే తమ్ముడి చేతులపై తెల్లమచ్చలు: జిగురులోని రసాయనమే కారణమా?

ప్రశ్న: పెదగంట్యాడ అక్క

సభ్యులందరికీ నమస్కారం. మా తమ్ముడి విషయంలో తెలిసినవారి సలహా కోరుతూ ఇది రాస్తున్నాను. అతను విశాఖపట్నంలో కన్వేయర్ బెల్టులు అతికే ఒక కాంట్రాక్టరు దగ్గర కొన్నేళ్లుగా పనిచేస్తున్నాడు. బొగ్గు, ఇనుప ఖనిజం మోసే బెల్టు తెగినప్పుడు దాని రెండు చివర్లనూ మెట్లు మెట్లుగా కోసి, బఫింగ్ మిషన్‌తో గరుకు చేసి, పనివాళ్లు ‘సొల్యూషన్’ అని పిలిచే జిగురును బ్రష్షుతో పూతలుగా పూసి, అది తగినంత ఆరిన తర్వాత ఒకదానిమీద ఒకటి పేర్చి రోలరుతో నొక్కుతారు. జిగురు ఆరిందో లేదో తెలుసుకోవడానికి వేలి వెనుక భాగాన్ని దానికి తాకించి చూస్తారట. గ్లౌజులు ఉంటే ఆ తడి తెలియదు కాబట్టి ఆ సమయానికి వాటిని తీసేస్తారు. పని ముగిశాక చేతులకు అంటిన జిగురును థిన్నరుతో కడుక్కుంటారు.

గత వేసవిలో అతని కుడిచేతి వేళ్ల వెనుక బియ్యపు నూకల్లాంటి తెల్లని చుక్కలు కనిపించాయి. దసరా నాటికి అవి ఒకదానితో ఒకటి కలిసి మచ్చలయ్యాయి. ఆ తర్వాత మణికట్టు చుట్టూ, గ్లౌజు అంచు ఆగే చోట, మరికొన్ని వచ్చాయి. ఇప్పుడు కుడి తొడ ముందు భాగంలో అరచేయంత మచ్చ ఒకటి తేలింది. జిగురు తుడిచే గుడ్డను అతను ఆ వైపు ప్యాంటు జేబులోనే పెట్టుకుంటాడని నాకు ఈ మధ్యనే తెలిసింది. దురద లేదు, మంట లేదు. మందుల షాపులో శోభి మచ్చలని చెప్పి ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాసినా ఏ మార్పూ రాలేదు.

మా ఇంట్లో అటు నాన్నగారి వైపు గానీ ఇటు అమ్మ వైపు గానీ బొల్లి ఎవరికీ లేదు. చేపల కూర తిన్న పూట పాలు తాగడం వల్లే వచ్చిందని అమ్మ అంటోంది. అనకాపల్లి వైపు నుంచి దాదాపు కుదిరిన సంబంధం ఈ మచ్చలు చూశాక ఆగిపోయింది. తమ్ముడు మనుషుల్లోకి రావడం తగ్గించేశాడు, పొడుగు చేతుల చొక్కా లేకుండా గడప దాటడం లేదు. అతనితో పాటు జిగురు పూసే పెద్దాయన చేతివేళ్లకు కూడా ఇలాంటి మచ్చలే ఉన్నాయని నిన్న చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర నుంచి నాకు పని మీదే అనుమానం కలుగుతోంది. ఇది నిజంగా జిగురు వల్ల వచ్చేదేనా, తగ్గుతుందా, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు కాబట్టి వారికి అంటుతుందా, అతను ఆ పని మానేయవలసిందేనా అన్నవి దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: చర్మవైద్యురాలు, విశాఖపట్నం

అమ్మా, మచ్చను కళ్లతో చూడకుండా నిర్ధారణ చేయడం వైద్యులుగా మాకు తగదు. అయినా మీరు రాసిన వివరాలు రసాయనాల వల్ల చర్మం రంగు కోల్పోయే పరిస్థితిని చాలా గట్టిగా సూచిస్తున్నాయి. ముందుగా మీ ఇంట్లోవారి భయం తీరాలి. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్క మీద పడుకున్నా, పిల్లలను ఎత్తుకున్నా ఎవరికీ రాదు. పాలకూ చేపలకూ దీనితో ఏ సంబంధమూ లేదు. మీ అమ్మగారితో ఈ మాట మీరు నెమ్మదిగా, గట్టిగా చెప్పండి, ఎందుకంటే తిండిమీద నెపం వేసినంతకాలం అసలు కారణం జేబులో గుడ్డగా అలాగే ఉండిపోతుంది.

మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను మెలనోసైట్లు అనే కణాలు తయారుచేస్తాయి. టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని టైరోసినేజ్ అనే ఎంజైము దశలవారీగా మార్చుతూ పోతే చివరకు మెలనిన్ ఏర్పడుతుంది. పరిశ్రమల్లో వాడే కొన్ని ఫినాల్, క్యాటెకాల్ జాతి రసాయనాల నిర్మాణం టైరోసిన్‌ను పోలి ఉంటుంది. అవి చర్మంలోంచి ఇంకి ఆ కణంలోకి చేరినప్పుడు ఎంజైము వాటినే టైరోసిన్‌గా తీసుకుని క్వినోన్లు అనే చురుకైన పదార్థాలుగా మార్చుతుంది. ఆ పదార్థాలు కణం లోపలి ప్రొటీన్లకు అతుక్కుని దానిని దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న కణాన్ని పరాయిదిగా భావించి శరీరపు రోగనిరోధక కణాలు దాడి చేయడం మొదలుపెడతాయి. అందుకే కొందరిలో రసాయనం తగిలిన చోటికే మచ్చలు పరిమితమైతే, మరికొందరిలో అది ఎన్నడూ తగలని చోట్ల కూడా తేలతాయి. ఒకే జిగురుతో పనిచేసే పదిమందిలో ఇద్దరికి వచ్చి ఎనిమిది మందికి రాకపోవడానికి శరీర తత్వంలోని తేడాలు ఒక కారణం. మిగతావారికి రాలేదు కాబట్టి మీ తమ్ముడికి పని వల్ల రాలేదని ఎవరైనా వాదిస్తే ఆ వాదన నిలవదు.

ఇది కొత్తగా కనుగొన్న సంగతి కాదు. 1939లో అమెరికాలోని ఒక తోళ్ల పరిశ్రమలో రబ్బరు గ్లౌజులు వేసుకునే కార్మికులకు సరిగ్గా గ్లౌజు కప్పిన మేరకు చేతులు తెల్లబడటాన్ని వైద్యులు నమోదు చేశారు. రబ్బరు త్వరగా పాడవకుండా అందులో కలిపిన హైడ్రోక్వినోన్ మోనోబెంజైల్ ఈథర్ దానికి కారణమని తేలింది. రంగును తీసివేయడంలో ఆ రసాయనం ఎంత శక్తిమంతమైనదంటే, ఒళ్లంతా బొల్లి వ్యాపించి అక్కడక్కడ మాత్రమే మామూలు రంగు మిగిలినవారికి ఆ మిగిలిన రంగును కూడా తొలగించే మందుగా తర్వాత దానినే వాడారు. జిగుళ్లలో ఎక్కువగా కనిపించే పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ కూడా ఈ జాతిదే. దానిని తయారుచేసే ఒక ఇంగ్లండు కర్మాగారంలో 198 మందిని పరీక్షిస్తే 54 మందికి తెల్లమచ్చలు ఉన్నట్టు 1977లో వెల్లడైంది. ఆ రసాయనం శ్వాస ద్వారా, చర్మం ద్వారా లోపలికి చేరి కొందరిలో కాలేయాన్ని, థైరాయిడ్ గ్రంథిని కూడా ఇబ్బంది పెట్టవచ్చని అప్పటి నుంచే అనుమానం ఉంది. అందువల్ల మీ తమ్ముడికి కాలేయ పరీక్షలు, థైరాయిడ్ పరీక్ష చేయించడం మంచిది.

నిర్ధారణలో మాకు మచ్చ స్వరూపం ఎంత ముఖ్యమో, అది ఎక్కడ ఉందన్నది అంత ముఖ్యం. నూకలంత చుక్కలుగా మొదలవడం, జిగురును తాకించి చూసే వేళ్ల వెనుక భాగం, గ్లౌజు అంచు, గుడ్డ పెట్టుకునే జేబు కింది తొడ, ఇంట్లో ఎవరికీ లేకపోవడం, సహోద్యోగికి ఉండటం, ఇవన్నీ ఒకే దిక్కును చూపుతున్నాయి. దురద, మంట లేకపోవడం వల్ల సందేహపడనక్కరలేదు, ముందు ఎలాంటి ఎర్రదనమూ లేకుండానే రంగు పోవడం ఇందులో తరచూ చూస్తాం. అయినప్పటికీ ఇతర కారణాలను తోసిపుచ్చాలి. చీకటి గదిలో అతినీలలోహిత కాంతినిచ్చే వుడ్స్ ల్యాంపు కింద చూస్తే రంగు పూర్తిగా పోయిన మచ్చ సున్నంలా మెరుస్తుంది. శోభి మచ్చలైతే వేరుగా కనిపిస్తాయి. మన ప్రాంతంలో ప్రతి తెల్లమచ్చపైనా దూదితో తాకి స్పర్శను పరీక్షించడం తప్పనిసరి, ఎందుకంటే కుష్టువ్యాధి మచ్చలో స్పర్శ తగ్గుతుంది. మీరు భయపడటానికి కాదు, ఆ అనుమానాన్ని మొదటి రోజే తీర్చేసుకోవడానికి ఇది చెబుతున్నాను.

ప్యాచ్ పరీక్ష గురించి కూడా మీరు వినే ఉంటారు. పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ ఫార్మాల్డిహైడ్ రెసిన్‌ను ఒక శాతం గాఢతలో వీపుపై అంటించి 48 గంటల తర్వాత, మళ్లీ మరో రెండు రోజులకు చూస్తాం. ఎర్రబడితే అలర్జీ ఉన్నట్టు. కానీ అలర్జీ లేకుండానే రంగు పోవచ్చు కాబట్టి పరీక్షలో ఏమీ రాకపోయినంత మాత్రాన రసాయనం నిర్దోషి అనలేం. పైగా అంటించిన చోటే కొన్ని వారాల తర్వాత కొత్త తెల్లమచ్చ రావచ్చు. ఆ సంగతి ముందే చెప్పి, అంగీకారం తీసుకుని, అవసరమైతేనే చేస్తాం. ఎట్టి పరిస్థితుల్లోనూ డబ్బాలోని జిగురును ఇంట్లో చర్మంపై పూసి పరీక్షించకండి.

చికిత్సలో మొట్టమొదటిది రసాయనంతో స్పర్శను పూర్తిగా మానడం. అది జరగకుండా ఎంత ఖరీదైన మందు వాడినా ఒక చేత్తో పోసి మరో చేత్తో తోడినట్టే. మానిన తర్వాత కూడా కొన్ని నెలలు కొత్త చుక్కలు రావచ్చు కాబట్టి నిరాశ చెందకూడదు. పూత మందులుగా స్టెరాయిడ్ క్రీము, 0.1 శాతం టాక్రోలిమస్ వాడతాం. అవసరమైతే 311 నానోమీటర్ల నారోబ్యాండ్ యూవీబీ కాంతిని వారానికి రెండు మూడుసార్లు చొప్పున నెలల తరబడి ఇస్తాం. రంగు వెంట్రుకల కుదుళ్లలో మిగిలిన మెలనోసైట్ల నుంచి తిరిగి వస్తుంది. కాబట్టి తొడ మీద మచ్చలో వెంట్రుకలు నల్లగానే ఉంటే ఆశ ఎక్కువ. వేళ్ల కణుపులు, వేలికొనల దగ్గర కుదుళ్లు దాదాపు ఉండవు కాబట్టి అక్కడ ఫలితం నెమ్మదిగా, అసంపూర్ణంగా ఉంటుందని ముందే చెప్పడం నా బాధ్యత. ఒక హెచ్చరిక: బావంచాల నూనె రాసి ఎండలో కూర్చోమని చాలామంది సలహా ఇస్తారు. ఆ గింజల్లోని సోరాలెన్ ఎండతో కలిసినప్పుడు చర్మం బొబ్బలెక్కి కాలిపోతుంది. అలాంటి కాలిన చేతులను ప్రతి వేసవిలోనూ చూస్తూ ఉంటాను.

సమాధానం: విశ్రాంత భద్రతాధికారి

డాక్టరు గారు వైద్యం సంగతి చెప్పారు. నేను రసాయన పరిశ్రమల్లో భద్రతా విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని కాబట్టి డబ్బా సంగతి చెబుతాను.

బెల్టులను వేడి చేయకుండా చల్లటి పద్ధతిలో అతికే జిగుళ్లలో చాలావరకు పాలీక్లోరోప్రీన్ రబ్బరును టొలుయీన్ వంటి ద్రావణిలో కరిగించి తయారుచేసినవే. జిగురుకు పట్టు పెరగడానికి అందులో ఫినాలిక్ రెసిన్ కలుపుతారు, అది ఎక్కువగా పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిసిన రెసిన్. తయారీలో పూర్తిగా కలిసిపోకుండా మిగిలిన ఫినాల్ కొంత ఆ రెసిన్‌లో ఉండిపోతుంది. చెప్పులు, తోలు సామాను అతికే పసుపు రంగు జిగుళ్లలో కూడా ఇదే రెసిన్ ఉంటుంది కాబట్టి చెప్పులు కుట్టేవారు, ఫర్నిచరుకు సన్‌మైకా అతికేవారు కూడా ఈ చర్చ చదివితే మంచిది.

డబ్బాపై ఈ పేరు నేరుగా ఉండకపోవచ్చు. ‘ఫినాలిక్ రెసిన్’ అని మాత్రమే రాసి వదిలేస్తారు. అందువల్ల ఆ జిగురుకు సంబంధించిన సేఫ్టీ డేటా షీట్, అంటే అందులోని పదార్థాలు, వాటి ప్రమాదాలు రాసిన పత్రం, అడిగి తీసుకోవాలి. అందులో మూడో భాగంలో పదార్థాల పేర్లు, వాటి పక్కన ఒక్కో రసాయనానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యలైన సి.ఏ.ఎస్. నంబర్లు ఉంటాయి. పేర్లు తయారీదారును బట్టి మారతాయి గానీ నంబరు మారదు. 98-54-4 అంటే పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్. 98-29-3 అంటే టెర్షియరీ బ్యుటైల్ క్యాటెకాల్. 123-31-9 హైడ్రోక్వినోన్, 103-16-2 దాని మోనోబెంజైల్ ఈథర్, 150-76-5 యాక్రిలిక్ రసాయనాలు గడ్డకట్టకుండా కలిపే మిథాక్సీ ఫినాల్. ఈ అయిదింటిలో ఏది కనిపించినా దానిని వైద్యులకు చూపించండి. పరవాడ, అచ్యుతాపురం వైపు పనిచేసే సభ్యులు కూడా ఈ నంబర్లను రాసి పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

గ్లౌజుల విషయంలో చాలామంది పొరపడతారు. టొలుయీన్ పలుచటి నైట్రైల్ గ్లౌజులోంచి నిమిషాల్లోనే ఇంకిపోతుంది, మామూలు రబ్బరు గ్లౌజు అంతకన్నా బలహీనం. ఒకసారి లోపలికి చేరిన రసాయనం గ్లౌజు లోపల చెమటతో కలిసి చర్మాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది కాబట్టి, తడిసిన గ్లౌజును గంటల తరబడి వేసుకోవడం ఉత్త చేతులతో పనిచేయడం కన్నా కొన్నిసార్లు ఎక్కువ హాని చేస్తుంది. విశాఖ ఉక్కపోతలో ఇది మరీ నిజం. ద్రావణులను తట్టుకునే బహుళపొరల లామినేట్ గ్లౌజును లోపల, పట్టు కోసం మందమైన నైట్రైల్ గ్లౌజును పైన వేసుకుని, జిగురు అంటిన వెంటనే పై గ్లౌజును మార్చడం సరైన పద్ధతి.

ఇక థిన్నరుతో చేతులు కడగడం గురించి. చర్మంపై సహజంగా ఉండే కొవ్వుపొర రసాయనాలను కొంతవరకు అడ్డుకుంటుంది. థిన్నరు ఆ పొరను కరిగించి తీసేస్తుంది, జిగురును పలుచన చేసి అదే చర్మంపై పరుస్తుంది, ఇంకడానికి దారి కూడా ఇస్తుంది. నా అంచనాలో మీ తమ్ముడి చేతులకు జిగురు ఎంత హాని చేసిందో ఈ కడుగుడు అంత హానీ చేసి ఉంటుంది. కొబ్బరినూనె లేదా వంటనూనె రాసి జిగురును మెత్తబరచి, గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగమనండి. ఆరిందో లేదో చూడటానికి వేలికి బదులు శుభ్రమైన చిన్న రబ్బరు ముక్కను తాకించి లాగి చూసినా తెలుస్తుంది. గుడ్డను జేబులో పెట్టుకోవడం ఈ రోజే ఆగాలి. పని బట్టలను ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి.

అయితే ఇవన్నీ మచ్చలు రానివారికి రక్షణగా చెప్పే మాటలు. మచ్చలు వచ్చిన మనిషి, ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా, ఆ జిగురు దగ్గరకు వెళ్లకపోవడమే మేలు. బెల్టు కోత, బఫింగ్, బిగింపు వంటి పనులకు మారగలిగితే ఉద్యోగం పోకుండానే ఉపశమనం దొరుకుతుంది.

అనుబంధ ప్రశ్న: గోపాలపట్నం నివాసి

భద్రతాధికారి గారూ, మీరు చెప్పిన టెర్షియరీ బ్యుటైల్ క్యాటెకాల్ అనే పేరు 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ ప్లాస్టిక్ కర్మాగారంలో జరిగిన స్టైరీన్ ఆవిరి లీకు ప్రమాదం తర్వాత వార్తల్లో చాలాసార్లు విన్నాను. మాది వెంకటాపురానికి దగ్గర్లోని కాలనీ. ఆ రాత్రి మేము పిల్లలను ఎత్తుకుని పరుగెత్తినవాళ్లమే. ఇప్పుడు మా అమ్మాయి బుగ్గమీద లేత తెల్లమచ్చ కనిపిస్తోంది. దీనికీ దానికీ సంబంధం ఉందేమోనని ఇంట్లో అందరం భయపడుతున్నాము.

సమాధానం: విశ్రాంత భద్రతాధికారి

మీ భయం నాకు అర్థమైంది. స్టైరీన్ ట్యాంకులో తనంతట తాను గట్టిపడకుండా చాలా స్వల్ప మోతాదులో ఆ క్యాటెకాల్‌ను కలుపుతారు. ఆ నిరోధకం తగినంత లేకపోవడం ఆనాటి ప్రమాదానికి దారితీసిన కారణాల్లో ఒకటని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. అంటే అక్కడ ఆ పదార్థం ఎక్కువై కాదు, తక్కువై ప్రమాదం జరిగింది. పైగా స్టైరీన్ 145 డిగ్రీల వద్ద మరిగితే ఈ క్యాటెకాల్ మరగడానికి 280 డిగ్రీలు దాటాలి కాబట్టి ఆవిరితో పాటు అది గాలిలోకి రావడం బహు తక్కువ. దాని వల్ల తెల్లమచ్చలు వచ్చే ప్రమాదం దానిని డ్రమ్ముల్లోంచి తీసి తూచి కలిపేవారికి, పైపులు విప్పి శుభ్రం చేసేవారికి ఉంటుంది. మీ అమ్మాయి మచ్చను ఆ రాత్రితో ముడిపెట్టడానికి నాకు ఆధారం కనిపించడం లేదు.

సమాధానం: చర్మవైద్యురాలు, విశాఖపట్నం

పిల్లల బుగ్గలపై అంచులు స్పష్టంగా లేని, కాస్త పొడిబారిన లేత మచ్చ చాలాసార్లు పిటిరియాసిస్ ఆల్బా అనే సాధారణ సమస్య అయి ఉంటుంది, అది తేమనిచ్చే క్రీములతో కాలక్రమంలో సర్దుకుంటుంది. ఒకసారి చూపించి నిశ్చింతగా ఉండండి.

సమాధానం: మర్రిపాలెం గృహిణి

నేను ఏ ఫ్యాక్టరీలోనూ పనిచేయలేదు. అయినా నుదుటిమీద సరిగ్గా స్టిక్కరు బొట్టు పెట్టుకునే చోట గుండ్రంగా తెల్లబడింది. వైద్యులు బొట్టు వెనుక జిగురే కారణమన్నారు. స్టిక్కర్లు మానేసి, మందు రాస్తే ఏడాది దాటేసరికి చాలావరకు రంగు తిరిగివచ్చింది. ఆడవాళ్లు ఇక్కడ చదువుతుంటారు కాబట్టి చెబుతున్నాను, మచ్చను కప్పడానికి ఇంకా పెద్ద స్టిక్కరు పెట్టుకోకండి.

సమాధానం: చర్మవైద్యురాలు, విశాఖపట్నం

మంచి మాట చెప్పారమ్మా. ఆ జిగురులో కూడా ఇదే పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ ఉంటుంది. కోల్‌కతాలో రసాయనాల వల్ల రంగు కోల్పోయిన 864 మందిని పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 27 శాతం మందికి జుట్టు రంగు, 12 శాతం మందికి స్టిక్కరు బొట్టు కారణమని తేలింది. రబ్బరు చెప్పులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 2013లో జపాన్‌లో రోడోడెండ్రాల్ అనే పదార్థం కలిపిన తెల్లబరిచే క్రీములు వాడినవారిలో వేలాదిమందికి ముఖం, మెడ, చేతులపై మచ్చలు రావడంతో ఆ క్రీములను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అదీ ఫినాల్ జాతి పదార్థమే. ఈ ఇంటి సరుకుల గురించి చెప్పడం ఎందుకంటే, పెదగంట్యాడ సోదరి తమ్ముడు పనిచోట జాగ్రత్తపడి, నెరుపు కప్పడానికో, మచ్చలు దాచడానికో ఏదో ఒక రంగు పూసుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది.

ప్రశ్న వేసిన సభ్యురాలు: పెదగంట్యాడ అక్క

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. తమ్ముడు డబ్బా ఫోటో తీసి పంపాడు. టొలుయీన్, సింథటిక్ రబ్బరు, ఫినాలిక్ రెసిన్ అని ఉంది తప్ప నంబర్లు లేవు. డేటా షీట్ అడిగితే, అలాంటివి తమకు రావని, ఇష్టం లేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని సూపర్‌వైజరు అన్నాడట. తమ్ముడికి జీతంలో ఈఎస్ఐ కోత ఉంది. ఇంటి అద్దె, నాన్నగారి మందులు అతని మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి గొడవ పెట్టుకుని బయటకు వచ్చే స్థితిలో లేము. మరి ఏ దారిలో వెళ్లాలి?

సమాధానం: కార్మిక చట్టాల సలహాదారు, గాజువాక

అమ్మా, గొడవ అవసరం లేదు, కాగితం అవసరం. మీరు వేసే ప్రతి అడుగూ రాతపూర్వకంగా ఉంటే చాలు.

తన ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారాన్ని యజమాని నుంచి పొందే హక్కు కార్మికుడికి ఉంది. 1987 సవరణతో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన 111ఏ సెక్షన్ దానినే చెప్పింది, 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ హక్కు కొనసాగింది. కాబట్టి జిగురు పేరు రాసి, డేటా షీట్ ఇప్పించమని మర్యాదగా ఒక అర్జీ రాసి, ఒక ప్రతిని తన దగ్గర పెట్టుకోమనండి. కాంట్రాక్టరు ఇవ్వకపోతే, బెల్టు ఏ సంస్థదో ఆ సంస్థ భద్రతా విభాగానికి అదే అర్జీ ఇవ్వవచ్చు. పెద్ద సంస్థల భద్రతా విభాగాలు తమ ఆవరణలోకి వచ్చే రసాయనాల వివరాలు ఉంచుకోవాలి, చాలా సందర్భాల్లో కాగితం అక్కడే దొరుకుతుంది. ఆ పెద్దాయన కూడా కలిసి సంతకం పెడితే ఒక్కడినే వేరుచేసి పంపించడం వారికి కష్టమవుతుంది.

రెండో సంగతి జబ్బు గుర్తింపు. చట్టం కింద తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో రసాయనాల స్పర్శ వల్ల వచ్చే చర్మశోథ ఉంది గానీ రంగు కోల్పోవడం అన్న మాట విడిగా లేదు. ఇది నాకు బాధ కలిగించే లోటు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తిరోగాల జాబితాలో బొల్లి ఉంది. బ్రిటన్ అయితే ఏయే రసాయనాల వల్ల వస్తే పరిహారం ఇవ్వాలో పేర్లతో సహా రాసుకుంది, వాటిలో మనం ఇక్కడ మాట్లాడుకుంటున్న ఫినాల్, క్యాటెకాల్ రెండూ ఉన్నాయి. అయినా మనకు దారి మూసుకుపోలేదు. నష్టపరిహార చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి సామాజిక భద్రత కోడ్ మూడో షెడ్యూలు ‘బి’ భాగంలో, మరెక్కడా పేర్కొనని భౌతిక, రసాయనిక, జీవ కారకాల వల్ల వచ్చే చర్మవ్యాధులు అన్న అంశం ఉంది. ఆ భాగం కింద క్లెయిము చేయాలంటే ఆ పనిలో వరుసగా ఆరు నెలలకు తక్కువ కాకుండా ఉండాలి, మీ తమ్ముడికి ఆ షరతు ఎప్పుడో తీరింది. ఈఎస్ఐ వర్తించేవారికి పరిహారం ఈఎస్ఐ ద్వారానే నడుస్తుంది, పాత ఈఎస్ఐ చట్టంలోనూ అలాంటి జాబితాయే ఉండేది.

అందువల్ల చికిత్స ప్రైవేటు క్లినిక్కులో మొదలుపెట్టినా, ఈఎస్ఐ డిస్పెన్సరీలో నమోదు చేయించి, అక్కడి నుంచి మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి రిఫరల్ తీసుకోండి. వైద్యుడు చీటీలో ‘తెల్లమచ్చలు’ అని మాత్రమే రాసి వదలకుండా, చేసే పని, వాడే జిగురు, ఎంతకాలంగా వాడుతున్నాడు, మచ్చలు శరీరంలో ఎక్కడెక్కడ ఉన్నాయి అన్నవి రాసేలా చూడండి. రేపు మెడికల్ బోర్డు ముందు కూర్చున్నప్పుడు మన తరఫున మాట్లాడేది ఆ నాలుగు వాక్యాలే. మచ్చల ఫోటోలు తేదీ కనిపించేలా తీసి దాచండి. జీతం చీటీలు, గేట్ పాసులు పారేయవద్దు, ఎందుకంటే కాంట్రాక్టు కార్మికుడు ఫలానా చోట ఫలానా పని చేశాడని రుజువు చేసేవి చివరకు అవే అవుతాయి.

సమాధానం: చర్మవైద్యురాలు, విశాఖపట్నం

సలహాదారు గారు చెప్పిన ‘నాలుగు వాక్యాల’ గురించి వైద్యుల తరఫున ఒక మాట. ఓపీలో రద్దీ వల్ల పని వివరాలు అడగకుండానే బొల్లి అని రాసి పంపేయడం మా వృత్తిలో జరుగుతోంది. అందుకని మీ తమ్ముడు ఆ వివరాలను ఒక తెల్లకాగితం మీద తెలుగులోనే రాసుకుని, డబ్బా ఫోటోతో పాటు వైద్యుడి చేతికివ్వాలి. ఈఎస్ఐలో ఫొటోథెరపీ (కాంతి చికిత్స) సౌకర్యం అందుబాటులో లేదంటే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మవ్యాధుల విభాగానికి పంపమని అడగండి. ఆ పెద్దాయనను కూడా వెంట తీసుకెళ్లండి. ఇద్దరి చేతుల్లో ఒకే చోట ఒకే రకం మచ్చలను పక్కపక్కన చూసిన వైద్యుడికి పని మీద అనుమానం రాకుండా ఉండదు, పైగా ఆయన వయసులో కాలేయ పరీక్ష మరింత అవసరం.

పెళ్లి విషయం మీరు అడగలేదు గానీ దాని గురించి మనసులో పెట్టుకునే రాశారని అనిపించింది. రసాయనం వల్ల వచ్చిన మచ్చలు పిల్లలకు సంక్రమించేవి కావు. అనకాపల్లి వారు మళ్లీ మాట్లాడటానికి సిద్ధపడితే, నిర్ధారణ అయిన తర్వాత అబ్బాయినీ, ఆ అమ్మాయి తల్లిదండ్రులనూ కలిపి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. నా దగ్గరకు అలా వచ్చిన కుటుంబాలకు మచ్చ ఎలా వచ్చిందో, ఎందుకు అంటదో కూర్చోబెట్టి వివరిస్తాను. ఇతర వైద్యులు కూడా కాదనరు. ఈలోగా మచ్చలపై ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాసుకుని బయటకు వెళ్లమనండి. రంగు లేని చోట చర్మం ఎండకు త్వరగా కాలుతుంది, ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ పనులు పగలు కూడా ఉంటాయి కదా.

ప్రశ్న వేసిన సభ్యురాలు: పెదగంట్యాడ అక్క

అర్జీ రాశాము, పెద్దాయన కూడా సంతకం పెట్టారు. గుడ్డ జేబులో పెట్టడం, థిన్నరుతో కడగడం తమ్ముడు మానేశాడు. సోమవారం ఇద్దరూ డిస్పెన్సరీకి వెళ్తున్నారు. డేటా షీట్ చేతికి వస్తే అందులోని నంబర్లను ఇక్కడే రాస్తాను, భద్రతాధికారి గారు చూసి చెప్పగలరని మనవి.